పులిని చూడబోయే ముందు

మా మనవరాలికి పులిని చూడాలని కోరిక పుట్టింది. ఇది పిల్లలందరికీ పుట్టే కోరికే. విశాఖపట్నంలో కాపురం వున్నవాళ్ళకి దాన్ని తీర్చడం కష్టం కూడా కాదు. కంబాలకొండ పక్కన 1977లో తెరిచిన జంతు ప్రదర్శనశాల వుంది. ఆదివారంనాడు బస్సెక్కి వెడితే పులినీ సింహాన్నీ చూసి భోజనాల వేళకి ఇంటికి రావచ్చు. అలాగే ఒకసారి తీసుకువెళ్ళాను. ఆ పిల్ల కందకం అవతల పడుకున్న పులిని చాలాసేపు చూసి, “తాతయ్యా, ఇది ఇక్కణ్ణించి ఎక్కడికీ వెళ్ళదా?” అని అడిగింది. వెళ్ళదన్నాను. “అయితే ఇది నిజం పులి కాదు” అంది.

పదేళ్ళ పిల్ల అన్నా మాటలో తర్కం వుంది. చారలూ గోళ్ళూ వున్నంతమాత్రాన పులి కాదు. దాని వెనక అడవి వుండాలి. దానికి ఆకలి వెయ్యాలి. మనం డబ్బిచ్చి వచ్చినా సరే, మనకి కనిపించకుండా వుండగల స్వేచ్ఛ దానికి వుండాలి. వేసవి సెలవల్లో నిజం పులిని చూపిస్తానని మాట ఇచ్చాను.

నేను ఓడరేవులో 38 సంవత్సరాలు లెక్కల గుమాస్తాగా పనిచేసి 2014లో విరమించాను. కాగితం మీద గీతలు గియ్యకుండా నాకు ఏ ఆలోచనా సాగదు. ఒక నోటు పుస్తకం తీసి నాలుగు గళ్ళు గీశాను: ఎక్కడికి, ఎప్పుడు, ఎలా, ఎంత. ఇంతకన్న పెద్ద వ్యవహారాలే ఈ నాలుగు గళ్ళతో నడిపినవాణ్ణి గనక, పులి వ్యవహారం కూడా వాటిలో ఇముడుతుందనుకున్నాను.

మొదటి గడి, ఎక్కడికి? మన రాష్ట్రంలోనే పాపికొండలున్నాయి. 1978లో అభయారణ్యమైంది, 2008లో జాతీయ వనమైంది. కాని అక్కడ ప్రయాణమంటే గోదావరి మీద లాంచీ ప్రయాణమే; జీపులో అడవి లోపల తిరిగి పులిని వెతకడం కాదు. కంబాలకొండ మా గుమ్మంలోనే వుంది. అదీ అభయారణ్యమే. అందులో చిరుతలున్నాయి గాని పెద్దపులి లేదు. అంచేత మధ్యప్రదేశ్‌లోని కాన్హా జాతీయ వనాన్ని ఎంచుకున్నాను. మండ్లా, బాలాఘాట్ జిల్లాల్లో వ్యాపించిన సాల వృక్షాల అడవి అది. లోపలి భాగమే 940 చదరపు కిలోమీటర్లు. మధ్యమధ్య పెద్ద పచ్చికబయళ్ళు. ఛాయాచిత్రాల్లో ఆ బయళ్ళ మీద పొగమంచు, దాంట్లో కొమ్ములెత్తి నిలబడ్డ దుప్పులు. మా మనవరాలు ఆ బొమ్మ చూసి, “ఇక్కడికే” అంది.

రెండవ గడి, ఎప్పుడు? జులై నుంచి సెప్టెంబరు దాకా వానలకి అడవి మూసేస్తారు. అక్టోబరు నుంచి జూను దాకా తెరుస్తారు. చలికాలంలో తెల్లవారుజామున జీపులో కూర్చుంటే మా బోటి ముసలివాళ్ళ ఎముకలు కొరికేస్తుంది. ఎండాకాలంలో వాగులెండిపోయి, మృగాలు మిగిలిన నీటిగుంటల దగ్గిరికి వస్తాయి. పులి కనిపించే అవకాశం అప్పుడే ఎక్కువ. బడులు మూసే రోజులు కూడా అవే. బుధవారం సాయంత్రం లోపలికి పంపరు గనక బుధవారం మీద గీత కొట్టేశాను.

మూడవ గడి, ఎలా? విశాఖపట్నంలో పొద్దున సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా రాత్రి పొద్దుపోయాక గోండియాలో దించుతుంది. అక్కణ్ణించి రోడ్డున బాలాఘాట్, బైహర్ మీదుగా ముక్కి అనే ద్వారం చేరవచ్చు.

ఇక్కడ నా కలం ఆగింది. బాలాఘాట్ అనే పేరు నాకు కొత్త కాదు. నా ఉద్యోగం మొదట్లో పెద్ద గుమాస్తాలు పాత చిట్టాలు చూపిస్తూ చెప్పిన పేరు అది. అసలు విశాఖపట్నానికి ఓడరేవు ఎందుకు కట్టారు? సముద్రం అందంగా వుందని కాదు. మధ్య పరగణాల్లో దొరికే మాంగనీసు ఖనిజాన్ని దగ్గిర దారిన ఓడలకెక్కించడానికి. బెంగాల్ నాగపూర్ రైల్వేవాళ్ళు కొండల్ని తొలుచుకుంటూ రాయపూర్‌నుంచి ఇక్కడికి దారి వేశారు. 1933 అక్టోబరులో ‘జలదుర్గ’ అనే ఓడ రేవులోకి వచ్చింది. ఆ డిసెంబరులో విల్లింగ్డన్ వైస్రాయి వచ్చి రేవుని లాంఛనంగా తెరిచాడు. మాంగనీసు లేకపోతే ఉక్కుకి గట్టిదనం లేదు. ఇంగ్లండు ఉక్కుకి గట్టిదనం కావలసివచ్చింది గనక మా వూరికి రేవు వచ్చింది.

మా నాన్న ఆ రేవులో తట్టలతో మాంగనీసు మోసినవాడు. రాత్రి ఇంటికి వచ్చేసరికి ఆయన వేళ్ళ సందుల్లో, చెవుల వెనక నల్లటి పొడి వుండేది. అమ్మ ఎంత రుద్దినా పూర్తిగా పోయేది కాదు. ఆ పొడి ఎక్కణ్ణించి వచ్చిందో ఆయనకి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఆయనకి ఎవరూ కల్పించలేదు. ఇప్పుడు ఆయన మనవడి కూతురు అదే రైలుదారిన, అదే జిల్లాకి, పులిని చూడ్డానికి వెడుతోంది. ఖనిజం దిగివచ్చిన దారినే మేము ఎక్కిపోతున్నాం. దాని పేరు సమతా ఎక్స్‌ప్రెస్. నేను హాస్యానికి చెప్పడం లేదు. రైలు పేరే అది.

నాలుగవ గడి, ఎంత? జీపులో ఆరుగురు సందర్శకులు పడతారు. గైడు తప్పనిసరి. ప్రవేశ రుసుం, జీపు బాడుగ, గైడు కూలి అన్నీ కలిపి రెండు పూటల తిరుగుడికి అయ్యే డబ్బుతో మా ఇంట్లో రెండు నెలలు ఉప్పూ పప్పూ గడుస్తాయని మా ఆవిడ లెక్క చెప్పింది. ఆవిడ లెక్క నా లెక్కకన్న ఎప్పుడూ కచ్చితమే. జీపు నింపితే భారం తగ్గుతుంది గనక ఒక పాత స్నేహితుణ్ణి కుటుంబంతో రమ్మన్నాను. ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమించినవాడు. గాజువాకలో వుంటాడు. ముప్పయ్యేళ్ళుగా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటున్నాం. “ఆలోసించి సెప్తాను బావా” అన్నాడు.

ఆయన ఆలోచిస్తున్న రోజుల్లో నేను కాన్హా గురించి దొరికినవన్నీ చదివాను. చూడబోయే చోటు చరిత్ర తెలుసుకుని వెళ్ళాలన్నది నా చాదస్తం. ఈ చాదస్తమే నన్ను ఇబ్బందిలో పెట్టింది.

ముందుగా సఫారీ అనే మాట. ఇది ఆఫ్రికాలోని స్వాహిలీ భాషది. ప్రయాణం అనే అర్థమున్న అరబ్బీ మాటనుంచి వచ్చింది. మన ఉర్దూ ‘సఫర్’ దానికి దగ్గిర చుట్టం. మాటలో దోషమేమీ లేదు. కాని దాన్ని ప్రపంచమంతటా ప్రచారంలోకి తెచ్చినవాళ్ళు తుపాకులు పట్టుకున్న దొరలు. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ తూర్పు ఆఫ్రికాకి వేటకి వెడితే, ఆయన గుడారాలూ పెట్టెలూ వందలమంది ఆఫ్రికా కూలీలు నెత్తిన మోసుకుని నడిచారు. చరిత్రలో దాన్ని రూజ్‌వెల్ట్ సఫారీ అంటారు. మోసినవాళ్ళ సఫారీ అని ఎవరూ అనరు.

కాన్హా చరిత్రలో కూడా వేట వుంది. ఆ వేటగాడు మనవాడే కావడం నాకు ఆశ్చర్యం కలిగించింది. విజయనగరం మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు పేరు వినని తెలుగువాడు ఆ తరంలో వుండడు. ‘విజ్జీ’ అన్నది ఆయన ముద్దుపేరు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి నాయకుడు. తరవాత మా విశాఖపట్నం తరఫున లోక్‌సభలో కూర్చున్నాడు. 1947–51 మధ్య ఆయన అధికారుల అనుమతితోనే కాన్హాలోనూ చుట్టుపక్కలా 30 పులుల్ని కాల్చాడు. దానిమీద లేచిన అలజడి కూడా కారణమై, 1955లో కాన్హా జాతీయ వనమైంది. మేము పులిని చూడబోయే వనం ఏర్పడడానికి మా పక్క జిల్లా తుపాకి ఒక కారణమన్నమాట.

జాతీయ వనమైన తరవాత, అందులో వుండవలసినవాళ్ళెవరు, వుండకూడనివాళ్ళెవరు అనే ప్రశ్న వచ్చింది. విజ్జీ ఆ అడవిలో కాపురం వుండేవాడు కాదు; ఆయన వచ్చాడు, కాల్చాడు, వెళ్ళిపోయాడు. అక్కడ తరతరాలుగా వుంటున్నవాళ్ళు బైగాలు, గోండులు. నాగలితో దున్నితే భూమితల్లి రొమ్ము చీల్చినట్టేనని నమ్మి, పోడు మాత్రమే చేసుకుని బతికిన బైగాలను గురించి వెరియర్ ఎల్విన్ 1939లో పెద్ద గ్రంథమే రాశాడు. ఊళ్ళమీదికి పులి రాకుండా కట్టెయ్యగల మంత్రం బైగాల దగ్గిర వుందని గోండులు నమ్మేవాళ్ళట. వాళ్ళ పోడు అడవికి చేటని తెల్లదొరలు ఆనాడే తేల్చి, 1890లో ‘బైగా చక్’ అనే కొంత నేల హద్దులు గీసి వాళ్ళకి చూపించారు. అడవిని రైలు స్లీపర్లకోసం నరికినవాళ్ళు చేటు కాలేదు. గొడ్డలితో పోడు కొట్టుకున్నవాడు చేటయ్యాడు.

1969 మొదలు కాన్హా లోపలి గ్రామాల్ని ఒక్కొక్కటే బయటికి తరలించారు. అలా తరలించిన ఊళ్ళలో సౌంఫ్ ఒకటి. ఊరు పోయిన చోట గడ్డి మొలిచింది. ఇళ్ళు వున్నచోటూ, పొలాలు దున్నినచోటూ పచ్చికబయలయింది. ఆ బయలుమీదికి బారాసింగా దుప్పులు వచ్చాయి. మా మనవరాలు ఏ బొమ్మ చూసి “ఇక్కడికే” అన్నదో, అటువంటి బయళ్ళు ఒకప్పుడు ఊళ్ళు.

నాకు పులులమీదా దుప్పులమీదా కక్ష లేదు. న్యాయంగా చెప్పవలసింది చెప్పాలి. కాన్హా బారాసింగా 1970 నాటికి 66 మిగిలింది. ఆ జాతి అక్కడ తప్ప మరెక్కడా లేని పరిస్థితి. బయళ్ళు పెరిగి, కాపలా గట్టిపడిన తరవాత అది మళ్ళీ వందల్లోకి వచ్చింది. పులుల సంగతీ అంతే. 1972లో దేశమంతటా లెక్కిస్తే 1,827 అన్నారు. 2006లో మరింత కచ్చితమైన పద్ధతిన లెక్కిస్తే 1,411 తేలాయి. 2022 అంచనా 3,682. ఇది చిన్న విజయం కాదు. పులి బతికిన అడవిలో వాగు బతుకుతుంది. వాగు బతికితే కింద పొలం బతుకుతుంది. ఆ పొలం ధాన్యం తినేవాళ్ళలో నేనూ వున్నాను.

అయినా నా నోటు పుస్తకంలో ఏదో గడి తక్కువైందనిపించింది. రేవులో పనిచేసిన రోజుల్లో సరుకు తూనిక కలవకపోతే రాత్రి నిద్ర పట్టేది కాదు. ఇదీ అటువంటి బాధే. వచ్చినది లెక్కలో వుంది. పోయినది లెక్కలో లేదు.

ఒక సాయంత్రం గాజువాకలో టీ కొట్టు దగ్గిర కూర్చుని ఇదంతా మా బావకి చెప్పాను. ఆయన టీ తాగడం పూర్తి చేసి, గ్లాసు బల్లమీద పెట్టి అన్నాడు:

“పులికి ఊరిచ్చినోళ్ళూ ఉక్కుకి ఊరిచ్చినోళ్ళూ, ఏటి తేడా బావా?”

ముప్పయ్యేళ్ళ స్నేహంలో ఆయన ఊరు సంగతి నేను ఎప్పుడూ విడిగా అడగలేదు. తెలియక కాదు. ఉక్కు కర్మాగారానికి 60కి పైగా గ్రామాల నేల పోయిందనీ, 16 వేలకు పైగా కుటుంబాలు కదిలాయనీ విశాఖపట్నంలో అందరికీ తెలుసు. ఆయన అందులో ఒకడనీ తెలుసు. అందరికీ తెలిసిన సంగతిని ఎవరూ అడగరు. అడగకపోవడమే మర్యాద అనుకుంటాం.

“మా ఇల్లున్న చోట ఇప్పుడు ముడిసరుకు గుట్టలున్నాయి” అన్నాడు. “డ్యూటీలో వున్నన్నాళ్ళూ మెళ్ళో పాసుండేది. పొద్దున్న గేటు దాటి మా ఊళ్ళోకి ఎల్లి, సాయంత్రం మా ఊళ్ళోంచి బయటికొచ్చీవోణ్ణి. రిటైరయినాక పాసు తిరిగిచ్చీసేను. ఇంక మా ఊరెల్లడానికి నాకు పన్లేదు.”

ఈ మాట ఆయన దుఃఖంతో అనలేదు, కోపంతో అనలేదు. బస్సు వేళలు చెప్పినట్టు చెప్పాడు. వాళ్ళ ఊరి పేరు ఇప్పుడు ఏ బస్సు బోర్డుమీదా లేదు. ఆ చుట్టుపక్కల సముద్రపొడ్డున అప్పికొండ సోమేశ్వరుడి గుడి వుంది. శివరాత్రికి ఎక్కడెక్కడి జనమో అక్కడ చేరతారు. తానూ ఏటా వెడతానన్నాడు. దేవుడిమీద భక్తితోనా అని అడిగితే, “ఊళ్ళోవోళ్ళు కనపడతారు కదా” అన్నాడు.

ఆ రాత్రి నాకు 1966 గుర్తుకొచ్చింది. అప్పుడు నాకు 12 సంవత్సరాలు. మా అన్నయ్య చెయ్యి పట్టుకుని ఊరేగింపులో నడిచాను. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అని గొంతు బొంగురుపోయేలా అరిచాను. అమృతరావుగారు నిరాహారదీక్షలో వున్నారు. నవంబరు 1న విశాఖపట్నంలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది చనిపోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేసింది. 1973 ఏప్రిల్లో పులుల సంరక్షణ పథకం ప్రారంభమైనదీ ఆవిడ హయాంలోనే. ఆ పథకంలోని మొదటి తొమ్మిది అడవుల్లో కాన్హా ఒకటి. మా ఊరి జంతు ప్రదర్శనశాలకి పెట్టినదీ ఆవిడ పేరే. ఉక్కు కావాలన్నా, పులి కావాలన్నా, రెండూ దేశ ప్రయోజనాలే. ఒకదానికి పల్లెటూరి రైతూ, రెండోదానికి అడవిలో బైగా లేచి నిలబడి చోటివ్వవలసివచ్చింది.

ఆ ఊరేగింపులో నేను అరిచిన అరుపుకి ఇప్పటికీ సిగ్గుపడను. ఉక్కు కర్మాగారం వచ్చింది. వేల ఇళ్ళలో పొయ్యి వెలిగింది. మా బావ ఇంట్లోనూ వెలిగింది. ఆయన తండ్రి కూడా ఆనాడు ఊరేగింపులో నడిచాడట. కాని ఉక్కు మా హక్కు అని అరిచిన మేము, అది ఎవరి ఊళ్ళో లేస్తుందని ఒక్కనాడూ అడగలేదు. చిన్నపిల్లవాణ్ణి గనక నేను అడగలేదనుకుందాం. పెద్దవాణ్ణయిన తరవాత ఎందుకు అడగలేదు? 2021లో ఆ కర్మాగారాన్ని పూర్తిగా అమ్మెయ్యాలని కేంద్రప్రభుత్వం నిర్ణయించినప్పుడు, పట్టణంలో మళ్ళీ ఊరేగింపులు జరిగాయి. 2025లో దాన్ని నిలబెట్టడానికి 11,440 కోట్ల రూపాయలు ప్రకటించారు. ఈ మధ్యలో మా బావ అన్న మాట ఒకటుంది: “మేం ఊరిచ్చింది దేశానికి బావా. దేశం దాన్ని ఇంకోడికిస్తానంటే, మమ్మల్ని ఒక మాటు అడగొద్దా?” అడగడమనే ఈ చిన్న పని ఎప్పుడూ ఎవరికీ గుర్తుకు రాదు.

ఈ మరుపు ప్రభుత్వాలకి మాత్రమే వున్నది కాదు. సాహిత్యకారులకీ వుంది. మన ప్రబంధాల్లో వేట వర్ణనలు కొల్లలు. బోయలు వచ్చి, మృగాలు పంటలు పాడుచేస్తున్నాయని రాజుతో మొరపెట్టుకుంటారు. రాజు బయలుదేరతాడు. అక్కణ్ణించి పద్యాలన్నీ రాజువీ, కుక్కలవీ, పందులవీ. బోయవాడి పంట ఏమయిందో కవి మళ్ళీ చెప్పడు. తరవాత భావకవులు వచ్చి అడవిని ప్రేమించారు. వాళ్ళ అడవిలో వెన్నెల వుంది, సెలయేరు వుంది, విరహం వుంది. పన్ను కట్టలేక పారిపోయినవాడు మాత్రం లేడు. ఇప్పుడు కెమెరా వచ్చింది. కెమెరా అడవిలోనూ మనిషి లేడు. తుపాకీ పోయి కలం, కలం పోయి కెమెరా వచ్చినా, చూసేవాడు నిలబడే చోటు మారలేదు. అడవి ఖాళీగా వుంటుందని మనం అనుకుంటాం. అది ఖాళీగా వుండదు, దాన్ని ఖాళీ చేస్తారు. ఈ రెండు మాటలకీ వున్న తేడాని పట్టుకోవడమే అభ్యుదయ సాహిత్యం పని అని నా అభిప్రాయం.

“అయితే మనుషులూ పులులూ ఒకేచోట ఎలా వుంటారు? ఎవరో ఒకరు తప్పుకోవాలి గదా” అని పాఠకులు అడగవచ్చు. మా అబ్బాయి కూడా అదే అడిగాడు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. పులి ఆవుని పట్టుకుపోతే, మనిషిని చంపితే, ఆ నష్టం అడవి అంచునున్న ఇంటిదే గాని మనది కాదు. లోపలి ఊళ్ళవాళ్ళలో బడికీ ఆసుపత్రికీ దగ్గిరగా వుండాలని తామై బయటికి రాదలచినవాళ్ళూ వుంటారు. కాని కర్ణాటకలో బిళిగిరి రంగన్న కొండలున్నాయి. అక్కడి సోలిగలకి 2011లో పులుల అడవి లోపలే సామూహిక హక్కులు గుర్తించారు. ఆ వెంటనే వచ్చిన లెక్కల్లో అక్కడ పులులు తగ్గలేదు, పెరిగాయి. 2006 నాటి అటవీహక్కుల చట్టం కూడా, గ్రామసభ తెలిసి, ఇష్టపడి ఒప్పుకుంటే తప్ప ఎవరినీ కదిలించరాదని చెబుతోంది. అంటే దారి లేక కాదు. చట్టంలో వున్న ఆ దారి, అధికారి జీపు వెళ్ళినంత సులభంగా అడవిబిడ్డ కాళ్ళకి దొరకదు.

అసలు లెక్క ఇదీ: పులుల్ని తుపాకులతో కాల్చినది బైగాలు కాదు. ఓడలనిండా మాంగనీసు ఎక్కించుకుపోయినదీ వాళ్ళు కాదు. బాలాఘాట్ జిల్లాలోనే మలాజ్‌ఖండ్‌లో రాగి కొండని తవ్వుతున్నది వాళ్ళకోసం కాదు. అయినా అడవికి మిగిలిన బాకీ తీర్చమన్నప్పుడల్లా చిట్టాలో వాళ్ళ పేరే మొదట కనిపిస్తుంది. అప్పు చేసినవాడొకడు, జామీను మరొకడు.

ఇదంతా ఆలోచించి ప్రయాణం మానుకుందామనుకున్నాను. రెండు రోజులు ఆ నిర్ణయంతో కాస్త గర్వంగా కూడా వున్నాను. మా ఆవిడ ఆ గర్వాన్ని నిలవనివ్వలేదు. “మీరు వెళ్ళకపోతే వాళ్ళ ఊరు వాళ్ళకి తిరిగి వస్తుందా? పిల్లకి ఇచ్చిన మాట తప్పడం తప్ప ఇందులో త్యాగం ఏముంది?” అంది. నిజమే. మధ్యతరగతివాడికి మానుకోవడం చాలా సులువు. మానుకుని, మంచివాణ్ణని తృప్తిపడవచ్చు. వెళ్ళి, కళ్ళు తెరిచి చూసి, చూసినది నలుగురికీ చెప్పడం కొంచెం కష్టం.

మనవరాలికి చెప్పడం అంతకన్న కష్టమైంది. ఆ బొమ్మ ముందు పెట్టి, ఈ పచ్చికబయలు ఒకప్పుడు ఊరని చెప్పాను. ఊరంటే ఇళ్ళూ, నుయ్యీ, పిల్లలూ, అన్నీనా అని అడిగింది. అన్నీనే అన్నాను. కొంచెంసేపు ఆలోచించి, “మరి ఆ పిల్లలు పులిని చూడాలంటే మనలాగే టిక్కెట్టు కొనుక్కోవాలా?” అంది. నాకు జవాబు తోచలేదు. రేపు అడుగుదాంలే అన్నాను. ఎవరిని అడుగుతామని మళ్ళీ అడిగింది.

ఆ ప్రశ్న తరవాత నోటు పుస్తకంలో అయిదో గడి గీశాను: ఎవరి చోటు? అందులో ప్రస్తుతానికి సౌంఫ్ అని ఒక్క పేరే వుంది. మిగతావి అక్కడికి వెళ్ళి అడిగి రాయాలి. గైడుల్లో చాలామంది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళేనని తెలిసింది. పెద్ద హోటలుకి బదులు ఎవరైనా ఊళ్ళోవాళ్ళింట్లో బస దొరికితే అక్కడే దిగాలని నిర్ణయించాం. దీనివల్ల ప్రపంచం మారదు. మా డబ్బు ఎవరి చేతికి వెడుతుందో, ఆ చెయ్యి మాత్రం మారుతుంది.

మా బావ కూడా వస్తానన్నాడు. భార్యనీ మనవణ్ణీ తీసుకువస్తున్నాడు. మా ముగ్గురితో కలిసి జీపు నిండింది. రైలు టిక్కెట్లు దొరికాయి. అడవిలోకి అనుమతి కూడా దొరికింది. పులి కనిపిస్తుందన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అదొక్కటే ఈ ఏర్పాట్లన్నిటిలోకీ న్యాయంగా వున్నదని నాకు తోచింది.

మా బావకి తెలుగు తప్ప మరో భాష రాదు. నేను రేవులో పనిచేసేటప్పుడు కొంచెం హిందీ నేర్చుకున్నాను. నిన్న సాయంత్రం టీ కొట్టు దగ్గిర, గైడుని ఒక్క మాట తానే స్వయంగా అడగాలనీ, అది హిందీలో నేర్పమనీ పట్టుబట్టాడు. ఏం అడుగుతావంటే, “మీ ఊరు ఎక్కడుండీది?” అన్నాడు.

నేర్పుతున్నాను. ‘ఉండేది’ అన్నచోట హిందీలో ఇంకా తడబడుతున్నాడు. ప్రయాణానికి మూడు వారాలు గడువుంది.